ధ్రువ చరిత్రమున మనోవికాస దశలు

శ్రీమద్భగవద్గీత ద్వితీయాధ్యాయమున శ్రీకృష్ణ భగవానుడు అర్జునునకు ఆత్మ యొక్క నిత్యత్వమును బోధించుచు, సర్వజనులకు అనుభవమున నున్న ఒక విషయమునే దృష్టాంతముగా గ్రహించెను. దేహమునకు బాల్యము, యౌవనము, వార్ధక్యము ఒకదాని వెంట ఒకటి వచ్చుటయే ఆ దృష్టాంతము. పాలపండ్లు ఊడుట, నూనూగు మీసము మొలచుట, తల నెరయుట మున్నగు దేహపు మార్పులు కంటికి కనబడును. మనస్సునందలి మార్పులు అంత తేటగా కనబడవు. ఐదేండ్ల బిడ్డ అలుకను చూచి పెద్దలు నవ్వుదురు. పదునారేండ్ల కుమారుని మౌనమును చూచి విసుగుకొందురు. డెబ్బదియేండ్ల తండ్రి చెప్పిన మాటనే మరల చెప్పినపుడు వినుట మానుదురు. ఏ వయస్సునకు ఏది సహజమో, ఏ వయస్సున మనస్సు దేనికై ఆరాటపడునో ఎరుగకుండుటయే కుటుంబములలోని అనేక దుఃఖములకు మూలము.

ఈ విషయమును గ్రహించుటకు శ్రీమద్భాగవత చతుర్థ స్కంధమునందలి ధ్రువోపాఖ్యానము చక్కని ఆధారము. సాధారణముగా ఈ కథను బాలుని తపస్సుతోను, శ్రీహరి సాక్షాత్కారముతోను ముగించి చెప్పుకొనుట వాడుక. భాగవతమున మాత్రము కథ అంతటితో ముగియదు. ధ్రువుడు ఇంటికి తిరిగివచ్చుట, రాజగుట, క్రోధవశుడై యుద్ధమొనర్చుట, తాత మాట విని శాంతించుట, వృద్ధుడై బదరికి పోవుట, తుదకు ధ్రువపదము నందుట వరకు సాగును. అనగా ఇది ఒక బాలుని కథ మాత్రమే కాదు, ఒక సంపూర్ణ మానవ జీవితము.

ఉత్తరాంధ్రమునకు ఈ కథతో ఒక ప్రత్యేకమైన అనుబంధము కలదు. హరికథా పితామహుడని ప్రసిద్ధి కెక్కిన ఆదిభట్ల నారాయణదాసుగారు 1864లో అజ్జాడ గ్రామమున జన్మించిరి. 1883లో విజయనగరమున కుప్పుస్వామినాయుడుగారి హరికథను విని, తామును ఆ మార్గమున ప్రవేశింపవలెనని సంకల్పించి, మొట్టమొదట రచించి గానము చేసిన కథ ధ్రువ చరిత్రమే. అప్పటికి వారికి పందొమ్మిదేండ్లు. తన స్థానము నెరుగగోరి ఇల్లు విడిచిన బాలుని కథను, తన మార్గమును వెదకికొనుచున్న ఒక యువకుడు తొలికథగా ఎన్నుకొనుట గమనింపదగినది.

ఆధునికులు చెప్పిన ఎనిమిది మెట్లు

ఇరువదవ శతాబ్దమున మనశ్శాస్త్రజ్ఞులు మానవుని మనోవికాసమును శ్రద్ధగా పరిశీలించిరి. బాల్యముతోనే మనస్సు రూపుదిద్దుకొనుట ముగియునని తొలుత పలువురు తలచిరి. ఎరిక్ ఎరిక్‌సన్ అను పండితుడు 1950లో ప్రచురించిన తన గ్రంథమున, మనస్సు పుట్టుక మొదలు మరణము వరకు ఎదుగుచునే యుండునని ప్రతిపాదించెను. ఆ ఎదుగుదలకు ఎనిమిది మెట్లను చెప్పెను. శిశువునకు లోకముపై నమ్మకము, పసివానికి తన కాళ్లపై తాను నిలుచు స్వాతంత్ర్యము, ఆటల ప్రాయమున చొరవ, బడి ప్రాయమున శ్రమించి నేర్చుకొను ఉత్సాహము, కౌమారమున తానెవరో తెలియుట, యౌవనమున ఆత్మీయత, నడివయస్సున తరువాతి తరమును పెంచు తపన, వార్ధక్యమున గడచిన జీవితమంతయు సార్థకమను పరిపూర్ణ భావము అనునవి ఆ మెట్లపై మనస్సు సాధింపవలసినవి. ఈయన 1960 దశకమున భారతదేశమునకు వచ్చి, అహమ్మదాబాదున గాంధీమహాత్ముని సత్యాగ్రహమును గూర్చి పరిశోధించి, 1969లో ఒక గ్రంథమును వెలువరించెను.

ఈ మెట్లు గడియారపు గంటలవలె అందరికిని ఒకే వేళకు రావు. దేశమును బట్టి, కుటుంబమును బట్టి, ఆరోగ్యమును బట్టి ముందు వెనుకలగును. ఒక మెట్టున సాధింపలేనిది తరువాత ఎన్నడును సాధ్యము కాదనియు చెప్పరాదు. అయినను ఒక సత్యము స్థిరముగా నిలుచుచున్నది. ఏ మెట్టునందును మనిషి ఒంటరిగా ఎదగడు. అతని పక్కన వేరొక వయస్సువారు ఉండవలెను. ధ్రువ చరిత్రమంతయు ఈ సత్యమునకు ఉదాహరణమే.

గర్భము, శైశవము

భాగవత తృతీయ స్కంధమున కపిల భగవానుడు తన తల్లి దేవహూతికి జీవుని గర్భవాసమును వర్ణించుచు, ఏ నెలలో ఏ అవయవము ఏర్పడునో చెప్పి, ఏడవ నెలలో జీవునకు ఎరుక కలుగునని పలికెను. సప్తమ స్కంధమున ప్రహ్లాదుడు తాను తల్లి కడుపున నున్నపుడే నారద మహర్షి ఉపదేశమును వింటినని తోడి బాలురకు చెప్పెను. సింహాద్రి అప్పన్నను కొలుచు ఉత్తరాంధ్ర కుటుంబములలో ఈ కథ తెలియనివారుండరు. గర్భిణి వినదగిన మాటలు వినవలెననియు, ఆమె మనస్సు నొవ్వరాదనియు పెద్దలు చెప్పుటకు ఇట్టి కథలే ఆధారము.

గర్భస్థ శిశువు శాస్త్రార్థమును గ్రహించునని నేటి విజ్ఞానము చెప్పుటలేదు. కాని గర్భవాసము చివరి నెలలలో శిశువునకు వినికిడి కలుగునని తెలిసినది. పుట్టిన కొలది దినములలోనే శిశువు ఇతర స్త్రీల కంఠముకంటె తల్లి కంఠమునే మిక్కిలి ఇష్టపడునని 1980లో జరిగిన ఒక ప్రయోగము నిరూపించినది. అనగా బిడ్డ ఈ లోకమునకు పూర్తిగా కొత్తవాడుగా రాడు. ఒక గొంతును ఎరిగియే వచ్చును.

ఆ గొంతు పిలిచినపుడెల్ల పలుకుచు, ఆకలికి పాలిచ్చుచు, ఏడ్చినపుడు ఎత్తుకొనుచు నున్న కొలది బిడ్డకు లోకముపై నమ్మకము కుదురును. తల్లియే కానక్కరలేదు. మామ్మ యొడియైనను, ఈ ప్రాంతమున అప్ప యని పిలువబడు అక్క చంకయైనను చాలును. కావలసినది మారక నిలుచు ఒక ఆప్తురాలు. ఈ తొలి నమ్మకమే తరువాతి దైవవిశ్వాసమునకును నేలయని చెప్పవచ్చును. పిలిచిన పలుకువారు కలరని శైశవమున ఎరిగినవానికి, పిలిచిన పలుకు దైవము కలడనుట తేలికగా నచ్చును.

బాల్యము: తండ్రి ఒడి

ధ్రువునకు ఐదేండ్లు. తండ్రియగు ఉత్తానపాదుని ఒడిలో తమ్ముడు ఉత్తముడు కూర్చుండియుండెను. తానును ఎక్కగోరిన ధ్రువుని తండ్రి ఆదరింపలేదు. సవతితల్లి సురుచి, తన కడుపున పుట్టని నీకు ఆ యోగ్యత లేదని పరుషముగా పలికెను. తండ్రి విని ఊరకుండెను. బాలుడు దెబ్బతిన్న పామువలె బుసకొట్టుచు తల్లి వద్దకు పరుగిడెను.

సురుచి మాటకంటె తండ్రి మౌనమే ఆ బాలుని మిక్కిలి నొప్పించెననుట ఈ ఘట్టమున గమనింపదగినది. ఈ వయస్సు బిడ్డకు న్యాయాన్యాయముల తర్కము తెలియదు. ఒకరిని ఎత్తుకొని తన్ను ఎత్తుకొనకపోవుట మాత్రము తెలియును. స్విట్జర్లాండు దేశపు శాస్త్రజ్ఞుడు జీన్ పియాజే, ఏడేండ్లలోపు పిల్లలు లోకమును తమ వైపునుండియే చూతురనియు, ఎదుటివారి దృష్టితో చూచుట వారికి క్రమముగా అలవడుననియు వివరించెను. కావున ఇంట కలహము జరిగినను, తండ్రి దూరమైనను, అది తన దోషము వలననే జరిగినదని చిన్న బిడ్డ తలచుట కద్దు.

ఈ సందర్భమున సునీతి ఒనర్చిన పని తల్లిదండ్రులందరికిని పాఠము. ఆమె బిడ్డతో, ఇది ఏమంత పెద్ద విషయమని తేలికపరుపలేదు. సవతిపై విషము నూరిపోయలేదు. తానును కన్నీరు పెట్టుచు, ఇతరులకు కీడు తలపవలదని చెప్పి, శ్రీహరిని ఆశ్రయింపుమని దారి చూపెను. బిడ్డ దుఃఖమును దుఃఖముగా అంగీకరించుట, అది ద్వేషముగా మారకుండ కాచుట, ఆ వేదనకు ఒక మార్గము చూపుట అను మూడు పనులును ఆమె ఒకే వేళ ఒనర్చినది. నేటి శిశుమనస్తత్వవేత్తలు తల్లిదండ్రులకు ఇచ్చు సలహాయు ఇంతకంటె భిన్నము కాదు.

కౌమారము: నారదుని పరీక్ష

అడవికి బయలుదేరిన ధ్రువునకు నారదుడు ఎదురయ్యెను. మానావమానములు పసివానికి పట్టవని, ఇంటికి మరలుమని మహర్షి బోధించెను. ధ్రువుడు దాచకుండ సమాధానమిచ్చెను. ఆ శాంతివచనములు మంచివేయైనను, మాటల బాణములచే చీలిన తన హృదయమున నిలుచుటలేదనియు, తన పితృపితామహులును పొందని పదమును తాను పొందగోరుచున్నాననియు పలికెను.

వయస్సుచే ధ్రువుడు బాలుడే. కాని ఈ మాటలలో కౌమారపు స్వరము వినబడును. నేనెవరిని, నా స్థానమెక్కడ, తండ్రిని మించి నేనేమి కాగలను అను ప్రశ్నలు పదుమూడు మొదలు పందొమ్మిదేండ్ల వరకు పిల్లలను వేధించును. ఈ వయస్సున ఆవేశము ముందు నడచును, ఆలోచన వెనుక వచ్చును. ముందుచూపునకును నిగ్రహమునకును ఆధారమగు మెదడు ముందు భాగము ఇరువదియైదేండ్ల ప్రాంతము వరకు పక్వమగుచునే యుండునని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది.

నారదుడు ఆ ఆవేశమును తిట్టలేదు. తొలుత పరీక్షించెను. నిశ్చయము దృఢమని తెలిసిన తరువాత, దానిని మధువనము వైపు మరలించి, ద్వాదశాక్షరీ మంత్రమును, ఆహార నియమమును, ధ్యాన విధానమును క్రమముగా ఉపదేశించెను. తరువాత ఆ మహర్షి ఉత్తానపాదుని వద్దకు పోయి, పశ్చాత్తాపముతో కుములుచున్న ఆ తండ్రిని ఓదార్చెను. బిడ్డకు దారి చూపుచు, తండ్రిని నిలువబెట్టిన గురువు అతడు. ఈ వయస్సున తల్లిదండ్రుల మాటకంటె బయటి పెద్ద యొకరి మాట పిల్లలకు బాగుగా తాకును. ఊరి గుడి అర్చకుడైనను, బడి ఉపాధ్యాయుడైనను, భజన గురువైనను, మేనమామయైనను ఆ స్థానమున నిలువవచ్చును. అట్టి పెద్ద లేని చోట పిల్లలు తమ ఈడువారినే గురువులుగా గ్రహింతురు.

ఆరు నెలల తపస్సు ఫలించి శ్రీహరి ప్రత్యక్షమై, తన శంఖముతో బాలుని చెక్కిలిని స్పృశించి, ధ్రువపదమును అనుగ్రహించెను. ఆశ్చర్యకరముగా, ఇంటికి మరలుచున్న ధ్రువునకు సంతృప్తి కలుగలేదు. సర్వమును ఈయగల స్వామిని పొందియు, పగతో ఒక పదవిని మాత్రమే కోరితినని వగచెను. కోరినది చేతికి వచ్చినపుడు, కోరదగినది వేరని తెలియుట మనోవికాసమున ఒక పెద్ద మెట్టు. అందుకనే అతడు ఇల్లు చేరి సురుచి పాదములకును మ్రొక్కగలిగెను. ఆమెయు అతనిని లేవనెత్తి, కౌగిలించుకొని, చిరంజీవ యని దీవించెను.

యౌవనము: తాత వచ్చిన వేళ

బాల్యమున మానిన గాయము యౌవనమున మరల నొచ్చుట కలదు. హిమాలయమున వేటకు పోయిన ఉత్తముని ఒక యక్షుడు చంపెను. ధ్రువుడు క్రోధావేశముతో అలకాపురిపై దండెత్తి, అపరాధులను నిరపరాధులను వేరుచేయక యక్షులను సంహరింపసాగెను. సాక్షాత్తు శ్రీహరిని దర్శించినవాడును కోపవశుడగుట విచిత్రముగా తోచును. కాని భాగవతము మానవ స్వభావమును దాచలేదు. ఒకనాటి అనుగ్రహము జీవితమందలి తక్కిన మెట్లను ఎక్కుటనుండి ఎవరిని మినహాయింపదు.

ఆ వేళ అతనిని ఆపినది తండ్రి కాదు, సేనాపతి కాదు. తాతయగు స్వాయంభువ మనువు ఋషులతో కూడి రణభూమికి వచ్చెను. ఒకని దోషమునకు అనేకులను చంపుట ధర్మము కాదని, తమ్మునిపై ప్రేమచే కలిగిన ఈ క్రోధమును విడువుమని మనుమని మందలించెను. ధ్రువుడు విని ఆయుధమును దించెను. సంతసించిన కుబేరుడు వరము కోరుకొమ్మనగా, ఈ సారి అతడు పదవిని కోరలేదు. శ్రీహరి స్మరణము చలింపకుండుటను మాత్రమే కోరెను. ఐదేండ్ల ప్రాయమున కోరిన కోరికకును, ఈ కోరికకును గల అంతరమే అతని మనస్సు ఎదిగిన కొలత.

తాత ఇట్లు చెప్పగలుగుటకు కారణము కలదు. నడిమి తరము కార్యభారమున మునిగియుండును. తండ్రికి కుమారుని గెలుపు ఓటములు తన గెలుపు ఓటములుగా తోచును. తాతకు ఆ తొందర లేదు. కోపముల ఫలితమెట్లుండునో అతడు తన కాలమున చూచియుండును. కావుననే మనుమనికి తాత మాట చల్లగా తాకును.

నడివయస్సు: ఇచ్చుటలోని నిండుతనము

ధ్రువుడు ముప్పదియారువేల సంవత్సరములు రాజ్యమును పాలించెనని భాగవతము చెప్పుచున్నది. పురాణ కాలమానము ఎట్లున్నను, జీవితమున దీర్ఘతమమైన భాగము ఇదియే. కుటుంబ పోషణము, వృత్తి, ఊరి బాధ్యతలు అన్నియు ఈ కాలమునందే మనిషిపై పడును. సంపాదించినదానిని తనకై దాచుకొనిన మనస్సు ఈ ప్రాయమున ఎండిపోవును. ఇతరులకు పంచిన మనస్సు పచ్చబడును.

నారాయణదాసుగారి జీవితమే ఇందుకు నిదర్శనము. కాళ్లకు గజ్జెలు కట్టి ఊరూర హరికథలు గానము చేసి కీర్తినందిన ఆ పండితుడు, 1919లో విజయనగర మహారాజా సంగీత కళాశాల స్థాపింపబడినపుడు, యాబదియైదేండ్ల ప్రాయమున దానికి అధ్యక్షులైరి. ఆ సంవత్సరముననే ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఇరువదియారేండ్ల వయస్సున ఆ కళాశాలలో వయొలిన్ ఆచార్యులుగా నియుక్తులైరి. 1936లో దాసుగారు విరమింపగా, నాయుడుగారే అధ్యక్ష పదవిని అలంకరించిరి. ఒకరు తన కంఠముతో సంపాదించినది మరియొకరికి ఆసనమైనది. ఇట్లు తన తరువాతి వానికి చోటు కల్పించుటయే నడివయస్సు సాధింపవలసిన పని.

ఈ భావము చదువుకొనినవారికే పరిమితము కాదు. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫాను శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున కొబ్బరి, జీడిమామిడి తోటలను విస్తారముగా కూల్చినది. కొబ్బరి మొక్క నాటినది కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. తల నెరసిన రైతు అట్టి మొక్కను నాటునపుడు తన దప్పికకై నాటుట లేదు. ఆ కాయలు కోయు చేతులు వేరని ఎరిగియే పాదు తీయుచున్నాడు. మనశ్శాస్త్రము గ్రంథములలో వివరించు భావము ఆ పాదులో పోసిన కడివెడు నీటిలో కలదు.

వార్ధక్యము: కూర్మము చెప్పు పాఠము

కాలము పరిపక్వమైనపుడు ధ్రువుడు రాజ్యమును కుమారునకు అప్పగించి, బదరికాశ్రమమునకు పోయెను. విడువవలసిన వేళ విడుచుట వార్ధక్యపు మొదటి పాఠము. ఇంటి తాళపుచెవులను, పొలపు లెక్కలను చేజారనీయక పట్టుకొనువారికి ఈ దశ కష్టముగా తోచును.

శ్రీకాకుళము సమీపమున శ్రీకూర్మ క్షేత్రము కలదు. శ్రీమహావిష్ణువు కూర్మరూపమున కొలువైన ఈ క్షేత్రమున భక్తులు శ్వేతపుష్కరిణిలో స్నానమొనర్చి పితృకార్యములు నెరవేర్తురు. ఆలయ ప్రాంగణమున పెంచబడు నక్షత్ర తాబేళ్లను చూచి పిల్లలు మురియుదురు. తాబేలు తన అవయవములను లోనికి ముడుచుకొనునట్లు ఇంద్రియములను విషయములనుండి మరల్చుకొనువాడు స్థితప్రజ్ఞుడని గీత యందు ఉపమానము కలదు. ఆ ముడుచుకొనుట భయముచే కుంచించుకొనుట కాదు. లోన నిలుచుటకు చోటు కలిగిన ప్రాణి చేయు పని అది.

ఆధునిక పరిశోధకులును వార్ధక్యమున ఇట్టి లక్షణమునే గమనించిరి. వయస్సు మీరిన కొలది మనుష్యులు పరిచయములను తగ్గించుకొని, ఆత్మీయులగు కొలదిమందితోనే కాలము గడపగోరుదురు. తెలిసిన పనులలో ముఖ్యమైనవి కొన్నింటిని ఎన్నుకొని, వానినే శ్రద్ధతో నిర్వర్తింతురు. ఆలోచనా వేగము తగ్గును. పేర్లు జ్ఞప్తికి వచ్చుట ఆలస్యమగును. కాని పదసంపద, అనుభవజ్ఞానము, లోకజ్ఞత చాలకాలము నిలుచును.

గిడుగు రామమూర్తిపంతులుగారు 1863లో శ్రీకాకుళ ప్రాంతమగు పర్వతాలపేటలో జన్మించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నున్నపుడు కొండలలోని సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణమును, నిఘంటువును కూర్చిరి. మన్యపు జ్వరమునకు వాడిన క్వినైను వలన వారి వినికిడి చెడినది. అయినను కృషిని విడువలేదు. వారి సవర నిఘంటువు 1938లో వెలువడునాటికి వారికి డెబ్బదియైదేండ్లు. చెవి వినబడకున్నను, ఒక జాతి పలుకులను అక్షరములలో నిలిపిన వృద్ధుని మనస్సును క్షీణించినదని ఎవరనగలరు?

వృద్ధులు గడచిన సంగతులనే మరల మరల చెప్పుటను చాదస్తమని తలచువారు పెక్కురు. రాబర్ట్ బట్లర్ అను వైద్యుడు 1963లో దీనిని గూర్చి వ్రాయుచు, జీవితాంతమున మనిషి తన గతమును నెమరువేయుట సహజమనియు, చేసినదానిని చేయనిదానిని సరిచూచుకొని శాంతినందుటకు అది సాధనమనియు వివరించెను. ఆ మాటలు వినువారు కావలెను. విన్నపుడే ఆ లెక్క ముగియును.

ఇట ఒక హెచ్చరిక అవసరము. పొయ్యిపై గిన్నె పెట్టి పూర్తిగా మరచుట, తెలిసిన వీధిలో దారి తప్పుట, ఇంటివారిని గుర్తింపలేకపోవుట, తిండి నిద్ర మాని నిరంతరము దిగులుగా నుండుట అనునవి వార్ధక్యపు సహజ లక్షణములు కావు. అవి వ్యాధి సూచనలు. ముసలితనమని ఊరకుండక వైద్యునకు చూపవలెను. దిగులునకు చికిత్స కలదు. మరపు వ్యాధికి పూర్తి నివారణము లేకున్నను, కారణమును తెలిసికొని తగిన సంరక్షణము చేయవచ్చును.

నడిమి తరము లేని ఇండ్లు

శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములు వలసలకు పేరుపడినవి. ఒకప్పుడు ఓడలెక్కి రంగూనునకు పోయినవారు కలరు. నేడు విశాఖపట్టణము, హైదరాబాదు, చెన్నై నగరములకు కట్టడపు పనులకును, ఉద్యోగములకును పోవువారు, గుజరాతు తీరమునకు చేపల వేటకు పోవువారు అనేకులు. అట్టి ఇండ్లలో తాతయు, మామ్మయు, మనుమలును మాత్రము మిగులుదురు. కొన్ని ఇండ్లలో వృద్ధులు మాత్రమే మిగులుదురు. ధ్రువునకు తల్లియు, గురువును, తాతయు తగిన వేళకు లభించిరి. నేటి బిడ్డకు తల్లి ఫోనులో మాత్రమే లభించుచున్నది.

ఇది ఎవరి తప్పును కాదు. బ్రతుకు తెరువు నెవరును నిందింపరాదు. అయినను ఆ పరిస్థితిలోనే చేయదగినవి కలవు. బిడ్డ నిద్రించు వేళ చూచి, చెప్పకుండ ఊరు విడిచిపోవుట తగదు. లేచి వెదకిన బిడ్డకు నమ్మకము సడలును. ఎన్నడు వత్తురో చెప్పి, కన్నీటితోనైనను ఎదుట సాగనంపించుకొనుట మేలు. ఫోను చేయు వేళ నియతముగా నుండవలెను. పండుగకు వత్తునని మాట ఇచ్చినచో నిలుపుకొనవలెను. రాలేనిచో ముందే తెలుపవలెను. బిడ్డను పెంచుచున్న మామ్మను బిడ్డ వినుచుండగా కసరరాదు. ఆమె మాట చెల్లిన ఇంటనే బిడ్డ మనస్సు కుదురుగా నుండును. ఈ వయస్సున మరల పసిబిడ్డ భారము మోయుచున్న ఆమెకు పంపు ధనముతో పాటు ఒక మెచ్చుకోలు మాటయు అవసరము.

వృద్ధుల విషయమున పూజ్యభావము మాత్రమే చాలదు. వారికి పని ఉండవలెను. శ్రీవైష్ణవ సంప్రదాయము జీవుని స్వరూపమే కైంకర్యమని చెప్పుచున్నది. కైంకర్యమునకు పదవీ విరమణము లేదు. తులసిమాల కట్టుట, మనుమలకు సహస్రనామమును నేర్పుట, ఊరి గుడిలో దీపమునకు వత్తులు చేయుట, పెండ్లికి ముహూర్తమడిగినపుడు ఒక మాట చెప్పుట చిన్న పనులుగా తోచినను, తానింకను అక్కరకు వచ్చువాడననెడి భావము వృద్ధునకు అన్నముతో సమానమైన బలము. తీర్థయాత్రకు పోవునపుడు శ్రీకూర్మమున గాని, రామతీర్థమున గాని, సింహాచలమున గాని క్షేత్రకథను చెప్పు భారము ఇంటి పెద్దలకు అప్పగించి, పిల్లలను వారి చేయి పట్టుకొని నడువనీయవలెను. మెట్లెక్కుటకు మనుమడు తాతకు ఊతము. మెట్లెందుకు ఎక్కుచున్నామో తెలియుటకు తాత మనుమనికి ఊతము.

శైశవపు నమ్మకమునకును, వార్ధక్యపు శాంతికిని గల సంబంధమును ఎరిక్‌సన్ పండితుడును గుర్తించెను. తన జీవితమును సార్థకముగా భావించి, మరణమునకు వెరువక కూర్చున్న పెద్ద యొకరు ఇంట నున్నచో, ఆ ఇంట పెరుగు బిడ్డకు బ్రతుకుపై భయముండదు. మొదటి మెట్టుపై నున్నవానికి తుదిమెట్టుపై నున్నవారే అభయము.

ధ్రువుని తుది ఘట్టము భాగవతమున పరమ రమణీయము. సునంద నందులను విష్ణుపార్షదులు విమానమును కొనివచ్చిరి. మృత్యువు సమీపించగా, ధ్రువుడు దాని శిరస్సుపై పాదముంచి విమానము నెక్కెను. ఆ క్షణమున అతనికి రాజ్యము గుర్తుకు రాలేదు. గెలిచిన యుద్ధము గుర్తుకు రాలేదు. తన తల్లి సునీతి గుర్తుకు వచ్చెను. దీనురాలగు ఆమెను విడిచి తానొక్కడే ఎట్లు పోవుదునని తలచెను. పార్షదులు అతని తలపును గ్రహించి, ముందు పోవుచున్న మరియొక విమానమును చూపిరి. అందు సునీతి కూర్చుండియుండెను.

ఐదేండ్ల నాడు ఏడ్చుచు వచ్చిన బిడ్డకు దారి చూపిన తల్లి, తుది ప్రయాణమునను అతనికంటె ముందే నడచుచుండెను. ఉత్తరాకాశమున ధ్రువ నక్షత్రమును పిల్లలకు చూపు గృహస్థులు, ఆ నక్షత్రము కథలో సునీతియు, నారదుడును, మనువును కలరని చెప్పుట మరువరాదు. ఆ కథను ఇంటి పెద్దల నోట చెప్పించుట మరింత శ్రేయస్కరము.